లోపలివాడి పతకం

ఏల్చూరిపాలెం, పొదిలి దగ్గర
2005 ఫిబ్రవరి 2

చిరంజీవి వీరాంజనేయులుకు,

మీ అక్క సుబ్బరావమ్మ చెబుతుంటే మన బడి టీచరు ఫెబా రాస్తున్న ఉత్తరం ఇది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మధ్యలో సొంత తెలివి కలిపితే ఊరుకోనని కూడా చెప్పాను.

నీకు పెద్ద పతకం ప్రకటించారని అంకమ్మరావు పేపరు పట్టుకుని వసారాలోకి వచ్చాడు. సర్పంచి అయ్యాక వాడికి ప్రతిదీ ఊరేగింపే. “అత్తా, పరమ విశిష్ట సేవా పతకమంట. సేవకి ఇచ్చేవాటిలో దాన్ని మించింది లేదంట. రాష్ట్రపతి చేతుల మీద పెడతారంట. మన ఎయిర్ మార్షల్ గారిని ట్రాక్టరెక్కించి ఊరంతా తిప్పుతాం” అన్నాడు. నీ బొమ్మ చూపించాడు. చెంపలు జారాయి గానీ బాగానే ఉన్నావు. సంతోషించాను. సంతోషం అయిపోయింది గనక ఇక అసలు మాట.

ఆ పతకం నీ రొమ్మున పెట్టకముందు ఈ ఇంటికి రావాలి. లోపలివాడికి చూపించాలి. తర్వాతే నీకు.

టీచరమ్మ కలం ఆపి నా మొహం చూస్తోంది. లోపలివాడెవరు అంటోంది. ఈమెది నల్లపాడు, ఉద్యోగానికి ఇక్కడికొచ్చింది, తెలియదు. నువ్వేమో తెలిసీ తెలియనట్టుంటావు. ఇద్దరికీ కలిపి చెబుతున్నాను.

డెబ్బై ఒకటి యుద్ధంలో నీ విమానం సరిహద్దు అవతల కూలిందని తంతి వచ్చింది. జాడ లేదు, పోయి ఉంటాడని నమ్మకం, అన్నారు. నీకప్పటికి పెళ్ళి కాలేదు. పెళ్ళి కాకుండా పోయిన మగపిల్లాడు ఊరికే పోడు. ఇంటి చుట్టూ తిరుగుతాడు, ఆకలంటాడు. అట్లాంటివాణ్ణి మన వంశంలో వీరుడుగా నిలబెట్టుకుంటాం. ఏడాది చూశాం. నీ కబురు లేదు. అమ్మ కాలి కడియాలు కరిగించి వెండి రూపు చేయించింది. అరచేతిలో ఇమిడే రేకు, దాని మీద నిలబడ్డ కుర్రాడు. నీ పేరు పెట్టి మూడుసార్లు పిలిచి, మూల గూట్లో కూర్చోబెట్టి, అన్నం పెట్టింది. వచ్చాడు. తిన్నాడు. ఆ నెల తిరక్కుండానే నువ్వు శత్రువుల జైల్లోంచి విడుదలై నడుచుకుంటూ ఇంటికొచ్చావు.

తప్పు ఎవరిదీ కాదు. కానీ పిలిచి కూర్చోబెట్టినవాణ్ణి లేచి పొమ్మనటం ఎవరికి చేతవుతుంది? కంసాలి ఆ రూపు కరిగించనన్నాడు. పెద్దల్ని అడిగితే వాళ్ళూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. అప్పటి నుంచి ఈ ఇంట్లో నీ పేరుతో ఇద్దరు. లోపల ఒకడు, బయట ఒకడు. మొదటి పత్తి, మొదటి మిరప, కొత్త పంచె, మొదటి ముద్ద, అన్నీ వాడికే. ఆ తర్వాత నీకు.

డెబ్బై మూడులో నీకు మొదటి పతకం వచ్చింది. వాడికి చూపించలేదు. అమ్మ మిట్టమధ్యాహ్నం కల్లంలో మిరపకాయల మీద పడి ప్రాణం వదిలింది. ఐదేళ్ళ కింద రెండోది వచ్చింది. చూపించలేదు. నీ భార్య అనసూయ పోయింది. ఇప్పుడు మూడోది. ఇక మిగిలింది నువ్వూ నేనూ. నేను పండిపోయినదాన్ని, నా కోసం అడగటం లేదు.

పతకం ముందు ఇక్కడికి తీసుకురా. లేదంటే అది తీసుకోకు.

వేలిముద్ర
నీ అక్క సుబ్బరావమ్మ


న్యూఢిల్లీ
ఫిబ్రవరి 12

ప్రియమైన అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత కాసేపు నవ్వలేకపోయాను. రాసిన టీచరు గారికి నా తరఫున క్షమాపణలు చెప్పు. నిన్ను భరించటం వాయుసేన ఉద్యోగం కంటే కష్టమని నాకు తెలుసు.

నువ్వు అడిగింది జరిగే పని కాదక్కయ్యా. పతకాన్ని ముందుగా మా చేతికి ఇవ్వరు. రాష్ట్రపతి భవనంలో దర్బారు హాలు ఉంటుంది. మమ్మల్ని వరసగా కూర్చోబెడతారు. కోటుకి ఎడమవైపు ముందే ఒక చిన్న కొక్కెం తగిలిస్తారు. పేరు పిలుస్తారు, వెళ్ళి నిలబడతాం, మేం చేసినదేమిటో చదువుతారు, రాష్ట్రపతి గారు ఆ కొక్కేనికి పతకం తగిలిస్తారు. “అయ్యా, ఆగండి, మా ఊళ్ళో గూట్లో ఒకడున్నాడు, వాడికి చూపించి తెస్తాను” అని నేను అనాలా?

అనసూయ కేన్సరుతో పోయింది. రెండేళ్ళు మంచం మీద ఉంది. దాన్ని ఆ గూటి మీద వెయ్యకు. మిగతావి ఏమైనా అను, అది మాత్రం అనకు.

ఒక సంగతి ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు. నేను జైలు నుంచి వచ్చి వాకిట్లో నిలబడిన రోజు నీకు గుర్తుందిగా. అమ్మ నన్ను చూసింది. చూసి నా వైపు రాలేదు. లోపలికి పరుగెత్తింది. గూట్లో వాడు ఉన్నాడో లేడో చూసి, ఉన్నాడని తేల్చుకున్నాక బయటికొచ్చి, నా చెయ్యి ముట్టుకుంది. నేను మన ఇంట్లో ఒక్క రాత్రి కంటే ఎక్కువ ఎందుకు ఉండనో ఇప్పుడైనా అర్థం చేసుకో.

అయినా రిటైరయ్యాక అక్కడికే వద్దామనుకుంటున్నాను. ఎన్ని ఊళ్ళు తిరిగినా కల్లం పక్కన నులకమంచం మీద పడుకోవాలనే ఉంది. నీ చేతి గోంగూర పచ్చడి తిని పదేళ్ళయింది. నేను రావాలంటే ఒక్కటే చెయ్యి. వాణ్ణి నా పేరుతో పిలవటం మానెయ్.

నీ తమ్ముడు
వీరాంజనేయులు


ఏల్చూరిపాలెం
ఫిబ్రవరి 21

ఆంజనేయులుకు,

నవ్వావా? బాగా నవ్వు.

నీ ఉత్తరాన్ని ఎప్పటిలాగే ముందు గూటి దగ్గర చదివించాను, ఆ తర్వాతే నేను విన్నాను. ఇన్నేళ్ళుగా నీ ప్రతి ఉత్తరమూ అట్లాగే. పేరుతో పిలవటం మానెయ్యమన్నావే, ఆ ముక్క దగ్గర టీచరమ్మ గొంతు ఆగింది. దగ్గొచ్చిందంట. ఆ మర్నాడు ఏమైందో విను.

మన కల్లంలో మిరపకాయలు ఎండబోశాం. ఈసారి కాయ బాగుంది, తాలు తక్కువ. మధ్యాహ్నం కూలోళ్ళంతా పాకలో అన్నం తింటున్నారు. నేను గుమ్మంలో కూర్చున్నాను. గాలి లేదు. ఎండిన కాయల మీద ఎవరైనా నడిస్తే గలగలమంటుంది చూడు, ఆ చప్పుడు మొదలైంది. అవతలి గట్టు నుంచి ఇంటి వైపు. అడుగు తర్వాత అడుగు. బూట్ల అడుగు. కొలిచినట్టు పడుతోంది. మనిషి లేడు.

పాకలో పుల్లమ్మ ముద్ద నోటి దగ్గర ఆపేసింది. “కుక్కేమో సుబ్బరావమ్మా” అంది. “కుక్క బూట్లు తొడుక్కుంటదా?” అన్నాను. ఆ చప్పుడు గుమ్మం దాకా వచ్చి నా ముందు ఆగింది. లేచి చూస్తే ఒక్క కాయ చితకలేదు. కూలోళ్ళు మళ్ళీ కల్లంలోకి దిగం అన్నారు. ఎంత తిట్టినా దిగలేదు. ఇప్పుడు కాయ ఎత్తే దిక్కు లేదు.

వాడు అడుగుతున్నాడురా. ఇస్తానంటే ఊరుకుంటాడు.

అనసూయ మాట ఎత్తినందుకు నన్ను తిట్టుకో, పడతాను. ఆ పిల్ల పోయిందని నేనూ ఏడ్చాను. కానీ నువ్వు పోతే ఏడవటానికి నాకు ఓపిక లేదు.

సరే, పతకం ముందు ఇవ్వరన్నావుగా. కనీసం అది ఎట్లా ఉంటుందో రాసి పంపు. ఎంత వెడల్పు, ఏ రంగు, దేనికి వేలాడుతుంది, పట్టీ మీద ఏముంది. ముసలిదాన్ని, కళ్ళతో చూడకుండా చస్తానేమో. చెవులతోనైనా చూస్తాను.

వేలిముద్ర
సుబ్బరావమ్మ


న్యూఢిల్లీ
మార్చి 3

అక్కయ్యకు,

నువ్వు చూడకుండా ఎక్కడికీ పోవు. అయినా అడిగావు గనక రాస్తున్నాను.

గుండ్రంగా ఉంటుంది, పాత రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. బంగారు పూత. నడుమ ఐదు కోణాల నక్షత్రం. వెనక మూడు సింహాలు. పట్టీ బంగారు రంగు, సరిగ్గా మధ్యలో నిలువునా ఒక ముదురు నీలం చార. అంతే. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగం ఆ ఒక్క చారలో ఇమిడింది.

సభ మార్చి ఇరవై ఎనిమిదిన, ఉదయం పదకొండింటికి. నిన్న కొందరికి రిహార్సల్ చేయించారు. ఎట్లా నడవాలో, ఎక్కడ ఆగాలో. నా కోటుకి కొక్కెం తగిలిస్తుండగా పక్కనున్న నావికాదళం ఆయన తుమ్మటం మొదలుపెట్టాడు. ఆయన వెనకాయన కూడా. మొత్తం వరసంతా తుమ్ములే. “ఎవరో మిరపకాయలు దంచుతున్నట్టుందే” అన్నారెవరో. తలుపులన్నీ మూసిన చలువ హాలు అది. నాకు మాత్రం తుమ్ము రాలేదు. మనవాళ్ళకు మిరప ఘాటు అలవాటేగా.

నీకు నవ్వొస్తుందని రాశాను. అంతకుమించి దీనికి అర్థాలు తియ్యకు.

కూలీల సంగతి అంకమ్మరావుకి ఫోన్ చేసి చెప్పాను. పక్క ఊరి నుంచి మనుషుల్ని పంపుతానన్నాడు.

వీరాంజనేయులు


ఏల్చూరిపాలెం
మార్చి 29

ఆంజనేయులుకు,

నీ అక్క గెలిచింది. ఈ ముక్క పెద్ద అక్షరాల్లో రాయమన్నాను.

నువ్వు రాసి పంపావు చూడు గుండ్రం, నక్షత్రం, సింహాలు, అవన్నీ పొదిలి కంసాలి చేత చేయించాను. నా మెడలో మిగిలిన బంగారు గుండ్లు కరిగించి పూత పెట్టించాను. పట్టీ కోసం మంగళగిరికి మనిషిని పంపాను. అక్కడ సాలె మగ్గం మీద బంగారు రంగు నూలులో నడుమ ఒకే నీలం చార వేసి జానెడు పట్టీ నేయించాడు. “ఇంత చిన్న పట్టీ ఎవరికయ్యా, బొమ్మకా?” అన్నాడంట ఆ సాలె. “మా తమ్ముడికి” అని చెప్పమన్నాను.

నిన్న తెల్లారగానే తలారా నీళ్ళు పోసుకున్నాను. అక్కడ మీవాళ్ళు పదకొండింటికి పెడతారన్నావుగా, నేను ఎనిమిదింటికే పెట్టాను. అక్కడ చదివేది నాకు చదవటం రాదు గనక నోటికొచ్చింది చెప్పాను. “ఒరేయ్ వీరాంజనేయులూ, ఈ ఇంటికి కాపలా కాశావు. పిలిస్తే వచ్చావు, పెట్టింది తిన్నావు. ఇదిగో ఎయిర్ మార్షల్ గారి పతకం. ముందు నీకే” అని రూపుకు తగిలించాను.

ఆంజనేయులూ, ఆ రూపు మీద మొహం అరిగిపోయి చాలా కాలమైంది. ఇన్నేళ్ళు పసుపు రాసి కడిగితే ఏ వెండి నిలుస్తుంది? కళ్ళూ ముక్కూ కలిసిపోయాయి. పతకం తగిలించి తల ఎత్తి చూస్తే మొహం కనపడింది. కళ్ళు, ముక్కు, మీసం. చెంపలు కాస్త జారాయి.

అప్పటి నుంచి కల్లంలో చప్పుడు లేదు. కూలోళ్ళు దిగారు. ఇల్లు చల్లబడింది. ఇక నువ్వు నిశ్చింతగా రా. అంకమ్మరావు ట్రాక్టరుకి రంగు వేయిస్తున్నాడు.

వేలిముద్ర
సుబ్బరావమ్మ

సార్, నేను ఫెబా. ఇది పెద్దమ్మ చెప్పనిది. నేను ఇలాంటివి నమ్మేదాన్ని కాదు, మా ఇంట్లో ప్రార్థన తప్ప వేరే లేదు. కానీ ఆ రూపు మీద ముందు మొహం లేదు. ఇప్పుడు ఉంది. పేపర్లో చూసిన మీ మొహమే.


న్యూఢిల్లీ
ఏప్రిల్ 4

అక్కా,

ఏం చేశావు?

తిట్టటం లేదు. అడుగుతున్నాను. నీ ఉత్తరం ఈ రోజే అందింది. అది రాకముందు నాకు జరిగింది చెబుతాను, అప్పుడు నువ్వే చెప్పు.

ఆ రోజు హాల్లో కూర్చున్నాను. నా ముందాయన పేరు పిలవటం విన్నాను. తర్వాత నా వంతు. నా పేరు విందామని చూస్తున్నాను. అంతలో పక్కాయన నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. “ఏం నడిచారండీ, పాతికేళ్ళ కుర్రాడిలా నడిచారు!” అంటున్నాడు. తల వంచి చూస్తే పతకం నా రొమ్మున ఉంది. నేను కుర్చీలోంచి లేవలేదక్కా. లేచినట్టు నాకు గుర్తు లేదు.

బ్లడ్ ప్రెషరనుకున్నాను. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు.

మర్నాటి నుంచి మొదలైంది. ఆఫీసుకి వెళ్తే సంతకాలన్నీ అయిపోయి ఉన్నాయి. నా సంతకాలే. “పొద్దున్నే వచ్చి చేశారుగా సార్” అన్నాడు సంజీవరావు, నా కింద పనిచేసే మన తెనాలి ఆయన. మీటింగుకి వెళ్తే అంతా లేచి బయటికొస్తున్నారు, నా మాటలు మెచ్చుకుంటూ. నేను ఎక్కడికి వెళ్ళినా అప్పటికే వెళ్ళి ఉంటున్నాను.

అదంతా సరే, ఉద్యోగంలో నేను లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. ఇంటికొచ్చి అన్నం పెట్టమంటే, ఒంగోలు నుంచి వచ్చిన నా వంటమనిషి మాబు సాహెబు వింతగా చూస్తాడు. “ఇప్పుడే తిన్నారుగా సార్. ఈ రోజు మారు కూడా వడ్డించుకున్నారు” అంటాడు. సింకులో కంచం తడిగా ఉంటుంది. నాకు మాత్రం కడుపు మాడుతోంది. రోజూ ఇంతే. బెల్టు లోపలికి రెండు కొత్త చిల్లులు పొడిపించాను.

ఆ పతకం వాడి మీద నుంచి తీసెయ్. ఈ ఉత్తరం అందిన క్షణమే తీసెయ్.

ఆంజనేయులు


ఏల్చూరిపాలెం
ఏప్రిల్ 10

నాయనా,

తీశాను. నీ ఉత్తరం ఇంకా టీచరమ్మ చేతిలో ఉండగానే లేచి వెళ్ళి పట్టీ తెంపాను. లాభం లేదు. మొహం పోలేదు.

కొలుపులు చేసే యలమందను పిలిపించాను. గూటి ముందు చాలాసేపు కూర్చున్నాడు. వాడితో మాట్లాడడే, నా వంక తిరిగి మొట్టికాయ వేసినట్టు అన్నాడు: “అత్తా, ఇన్నాళ్ళూ వీడు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. పెళ్ళి లేదు, పదవి లేదు. పట్టెడన్నం పెడితే చాలని పడి ఉన్నాడు. నీ తమ్ముడు ఆ వయసు దాటి వెళ్ళిపోయాడు గనక ఇద్దరూ వేరు వేరుగా ఉన్నారు. నువ్వు మిగతా వయసంతా ఒక్క పూటలో వీడికి తొడిగావు. ఎయిర్ మార్షల్ అని పిలిచావు. ఇక తేడా ఎక్కడుంది?”

“నోరు ముయ్యరా, నా తమ్ముణ్ణి కాపాడదామని చేశాను” అన్నాను.

“పిలిచినప్పుడు మీ అమ్మా అదే అనుంటది” అన్నాడు.

వాణ్ణి కొట్టబోయాను. చెయ్యి లేవలేదు. వాడన్నది నిజం.

సభ అయిన రోజు నుంచీ గూటి ముందు పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉంటోంది. చీమ కూడా ముట్టలేదు. ఎందుకు తింటాడు? నీ కంచంలో తింటున్నాడు.

యలమంద ఒకటే దారి చెప్పాడు. ఇప్పుడు ఇద్దరూ సమానం. ఈ ఇంట్లో, నా చేతి ముద్ద, ముందు ఎవడు తింటే వాడు ఉంటాడు. రెండోవాడు ఉండడు. అమ్మ పోయింది గనక పెట్టాల్సిన చెయ్యి నాదే.

అందుకని నువ్వు రా. సెలవు లేదు, సన్నాహం లేదు అనకు. ఊరేగింపు వద్దని అంకమ్మరావుకి చెప్పేశాను. నువ్వు గుమ్మం దాటి కూర్చో, ముద్ద కలిపి నీ నోట్లో పెడతాను. ముప్పై ఏళ్ళ పైబడి నీకు రెండో ముద్ద పెట్టాను, ఈసారి మొదటిది నీది. గూటి ముందు అన్నం పెట్టటం మానేశాను. రూపు తాడుకు గుచ్చి నా మెడలో కట్టుకున్నాను. వాడూ నేను పెంచినవాడే. కదిలితే రెండు తగిలిస్తాను.

వేలిముద్ర
అక్క


న్యూఢిల్లీ
ఏప్రిల్ 15

అక్కా,

ఇదివరకు అయితే నీ ఉత్తరానికి ఏం రాసేవాణ్ణో నాకు తెలుసు. ఇప్పుడు అలా రాయటానికి ధైర్యం లేదు. వస్తాను.

కానీ మే రెండో వారం దాకా కదలలేను. పై అధికారుల తనిఖీ ఉంది, సెలవు అడిగితే సంజీవరావు కాగితం తెచ్చి చూపించాడు. సెలవు ముందే అడిగానట, మే పదిహేనుకి మంజూరైందట. సంతకం నాదే. ఒంగోలు స్టేషన్లో దిగి కారులో వస్తాను.

తిండికి ఒక ఉపాయం దొరికింది. మాబు సాహెబు వండుతుండగానే పొయ్యి పక్కన నిలబడి గిన్నెలోంచి తింటున్నాను. వాడు పాపం ఏడుస్తున్నాడు, “సార్, కూర్చుని తినండి సార్, మీకేమైంది” అని. కూర్చునే లోపల కంచం ఖాళీ అవుతుందని వాడికి ఎలా చెప్పను?

మే పదిహేను దాకా ఎవరికీ ముద్ద పెట్టకు. నేను వస్తాను. నేనే వస్తాను.

ఆంజనేయులు


ఏల్చూరిపాలెం
ఏప్రిల్ 22

ఆంజనేయులుకు,

ఈ ఉత్తరాన్ని ఇంట్లో కాదు, బడిలో కూర్చుని రాయిస్తున్నాను. మెడలో రూపు ఇంట్లోనే విప్పి వచ్చి, మొదటిసారి లోపలివాడికి వినిపించకుండా పంపుతున్నాను.

మే పదిహేనుకి వస్తానని నువ్వు రాసింది నిన్న అందింది. మొన్న మధ్యాహ్నమే నువ్వు వచ్చావు.

కారులో కాదు. కల్లం మీదుగా నడిచి వచ్చావు. తెల్ల చొక్కా, చేతిలో చిన్న పెట్టె. మనిషివి సగమయ్యావు. బెల్టుకి లోపలికి రెండు కొత్త చిల్లులున్నాయి. “ముందే వచ్చేశానక్కా, ఆగలేకపోయాను” అన్నావు. నిన్ను చూసి నేను అరిచాను. తర్వాత నా చెయ్యి నా మెడ దగ్గరికి పోయింది. రూపు ఉంది. అమ్మ ఎందుకు లోపలికి పరుగెత్తిందో అప్పుడు తెలిసింది.

ముద్ద కలపబోయాను. ఎందుకో ఆగాను. నిన్న నీ ఉత్తరం వచ్చింది. టీచరమ్మ చదువుతుంటే వసారాలో కూర్చున్నవాడు విన్నాడు. “అది నేను రాసిందేనక్కా. పంపాక మనసాగక బయల్దేరాను” అన్నాడు. అవును, అట్లా జరగకూడదా? జరగొచ్చు.

చిన్నప్పటివి అడిగాను. గాడిద తన్నింది, చింతకొమ్మ విరిగి చెయ్యి బెసికింది, అన్నీ చెప్పాడు. అవి ఇద్దరికీ తెలుసు. పెద్దయ్యాక జరిగినవి అడిగాను. ఏ ఊరు బదిలీ, అనసూయ జబ్బు, ఆమె ఆఖరి మాట, అవీ చెప్పాడు. అవన్నీ నీ ఉత్తరాల్లో నువ్వు రాసినవే. ప్రతి ఉత్తరమూ నేనే గూటి ముందు చదివించాను గదరా. లోపలివాడికి తెలియనిది నీ బతుకులో ఏం మిగిల్చాను?

అంకమ్మరావు ఢిల్లీకి ఫోను చెయ్యమన్నాడు. చేశాం. ఎత్తింది నువ్వే. వాడు ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. “నేనే అక్కా, బాగానే ఉన్నా” అన్నావు. వసారాలోంచి అదే క్షణాన అదే మాట వినపడింది. అదే గొంతు. అంకమ్మరావు ఫోను కింద పడేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఈ గడప తొక్కలేదు. టీచరమ్మ మాత్రం నన్ను వదిలి పోలేదు.

వీడు ఏమీ గొడవ చెయ్యటం లేదు. అదే నాకు భయం. మంచం మీద కూర్చుని కల్లం వంక చూస్తాడు. “ఇక్కడ పడుకోవాలని ఎన్నాళ్ళ నుంచో” అంటాడు. రెండు రోజులుగా మంచినీళ్ళ మీద ఉన్నాడు. పుల్లమ్మ జాలిపడి గంజి తెస్తే ముట్టలేదు. “మా అక్క పెడితే తింటాను” అన్నాడు. నువ్వైనా అదే అంటావు. నాకు తెలుసు.

“ఒరేయ్, ఇంత ఆకలి పెట్టుకుని నా మీద కోపం రాదేరా?” అన్నాను.

“రెండో ముద్ద తినేవాడికి కోపం ఏముందక్కా” అన్నాడు.

ఆ మాట ఎవరు అంటారు? ఇన్నేళ్ళూ రెండో ముద్ద తిన్నది నువ్వు. కానీ ఇప్పుడు రెండోవాణ్ణి చేస్తానని మెడలో కట్టుకున్నది వాణ్ణి.

వీడికి పెడితే, వీడు లోపలివాడైతే, అక్కడ నువ్వు ఉండవు. పెట్టకపోతే, వీడు నువ్వైతే, నా వసారాలో నా కళ్ళముందు నిన్ను కడుపు మాడ్చి చంపుతున్నాను. యలమందను అడిగాను. “పెట్టే చేతికే తెలియాలి అత్తా” అని ఊరు దాటి పోయాడు.

కాబట్టి నువ్వు అక్కడ ఉంటే, ఇప్పటిదాకా ఏ ఉత్తరంలోనూ రాయనిది, నాకు ఎప్పుడూ చెప్పనిది, ఒక్కటి రాసి పంపు. మంచిదో చెడ్డదో. సిగ్గుపడేదైనా సరే. వచ్చాక దాన్ని వీణ్ణి అడుగుతాను. ఉత్తరం మీద చిరునామా బడిది రాయి, ఇంటిది వద్దు.

పొద్దున నేను బయల్దేరుతుంటే వీడు లేచి కంచం కడుక్కున్నాడు. తడి చేత్తో నేల తుడిచి, కంచం ముందు పెట్టుకుని, చిన్నప్పుడు కూర్చున్నట్టు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. నేను మెతుకు ముట్టుకోలేదు. పొయ్యి మీద అన్నం మాత్రం వండి పెట్టే వచ్చాను. ఎందుకు వండానో చెప్పమంటే చెప్పలేను. ఈ చేతులకు అరవై ఏళ్ళ అలవాటు. ఆకలితో ఉన్నవాడి ముందు ఇవి నా మాట ఎంతసేపు వింటాయో తెలియదు.

బడి వదిలారు. నేను ఇంటికి పోవాలి.

ఆంజనేయులూ, అక్కడ ఉన్నది నువ్వే అయితే త్వరగా రాయి.

వేలిముద్ర
సుబ్బరావమ్మ